అంగిలి మచ్చ నుండి ఆసుపత్రి దాకా: నోటి క్యాన్సర్ గుర్తింపు చరిత్రలో ఉత్తరాంధ్ర

శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల పల్లెల్లో చుట్టను నిప్పువైపు నోట్లో ఉంచుకొని కాల్చడాన్ని ‘అడ్డపొగ’ అంటారు. ఈ అలవాటు స్త్రీలలోనే ఎక్కువ. సెగ, పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అందుచేత ఇతర ప్రాంతాల్లో అరుదైన అంగిలి క్యాన్సర్ ఇక్కడ తరచుగా కనిపించింది.

1957లో డి. గోవిందరెడ్డి, వి.కె. రావు కోస్తా ఆంధ్రలోని అంగిలి క్యాన్సర్‌కు ఈ అలవాటుతో గల సంబంధాన్ని వివరిస్తూ వ్యాసం ప్రకటించారు. అయితే ఆసుపత్రికి చేరే రోగిలో వ్యాధి చాలావరకు ముదిరే ఉంటుంది. 1971లో పింద్‌బోర్గ్, మెహతా తదితరులు ప్రకటించిన అధ్యయనం దృష్టిని ఊరివైపు మరల్చింది. 10,169 మంది గ్రామీణుల అంగిళ్ళను పరిశీలించి, క్యాన్సర్‌కు ముందే ఏర్పడే మార్పులను అది నమోదు చేసింది. ఈ పరిశీలన విలువ గొప్పది. తొలిదశ మచ్చ సాధారణంగా నొప్పి పెట్టదు; అంగిలి మీది మచ్చ మనిషికి తనంతట తానుగా కనిపించదు. మరొకరు చూస్తేనే అది బయటపడుతుంది.

చూడడంతోనే పని ముగియదని కేరళ అనుభవం నిరూపించింది. తిరువనంతపురం జిల్లాలోని 13 పంచాయతీలలో 1996లో ఆరంభమైన ప్రయోగంలో, శిక్షణ పొందిన వైద్యేతర కార్యకర్తలు ఇంటింటికీ వెళ్ళి నోళ్ళు పరీక్షించారు. పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గినట్లు 2005లో ఫలితాలు వెలువడ్డాయి. కాని అనుమానం కలిగి వైద్యుని వద్దకు పంపినవారిలో వెళ్ళినవారు 63 శాతమే. దూరం, కూలి నష్టం, భయం, నొప్పిలేని మచ్చ పట్ల నిర్లక్ష్యం వంటివి పల్లె మనిషిని ఆపగలవు. కార్యకర్త కన్ను పట్టుకున్న మచ్చ వైద్యుని ముందుకు రాకపోతే ఆ పరీక్ష నిష్ఫలమే.

2016లో కేంద్ర ప్రభుత్వం 30 ఏళ్ళు దాటినవారికి నోటి పరీక్షను ప్రాథమిక ఆరోగ్య వ్యవస్థలో చేర్చే మార్గదర్శకాలను ప్రకటించింది. రెండు మూడు వారాలకు మానని పుండు, తెల్లమచ్చ, అంతకన్నా ప్రమాదకరమైన ఎర్రమచ్చ, నోరు తెరవలేకపోవడం, మెడలో గడ్డ అనుమానించదగిన లక్షణాలు. నిర్ధారణకు ముక్క పరీక్ష అవసరం. అది పై ఆసుపత్రిలోనే సాధ్యం. కనుక అడ్డపొగ ప్రాంతంలో ఈ విధానం విజయాన్ని పరీక్షించిన నోళ్ళ సంఖ్యతో గాక, అనుమానితులలో ఎందరు ముక్క పరీక్ష దాకా చేరారన్నదానితో కొలవడం సమంజసం.