కట్టిన చీరే కట్టి

పోయిన మాఘమాసంలో కళ్యాణదుర్గంలో మా అన్న కూతురి పెళ్ళయింది. మా చెల్లెలు రాలేదు. ఒళ్ళు వెచ్చబడిందని కబురు చేసింది. ఉండేది అదే ఊళ్ళో, మూడు వీధుల అవతల. భోజనాలయ్యాక చూసొద్దామని పోతే, మనిషి నిక్షేపంగా కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది!

"జ్వరమన్నావు?" అన్నాను.

"జ్వరం నాకు కాదన్నా, నా చీరకి. ఉండేది ఒక్క పట్టుచీర. మొన్నటి రెండు పెండ్లిళ్ళకూ అదే కడితిని. మళ్ళీ అదే కట్టుకోని వస్తే, ఈయమ్మకి ఇంకోటి లేదేమో అంటారు. కొత్తది కొందామంటే ఈయేడు పంట చూస్తివి గదా!"

చూడకేం? ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మాది. అదీ పడకపోతే శనక్కాయ చేను ఏమవుతుందో చెప్పాలా? కొత్తబట్టల ముచ్చటంతా కాయలు అమ్మినాకనే.

నాకు చరిత్ర చెప్పే జబ్బొకటుంది. అక్కడే చతికిలబడి మొదలుపెట్టాను.

మా జేజికి పెళ్ళినాటి ధర్మవరం చీర ఒక్కటే ఉండేది. ఊళ్ళో ఏ శుభకార్యమైనా అదే. అంచు చూసి "అదుగో, జేజి వచ్చె" అనేవాళ్ళు. నామోషీ మాట అటుంచండి, అదొక హోదా. ఆనాటి అసలు జరీ అంటే వెండితీగను సన్నగా సాగదీసి, రేకులా అణచి, దారానికి చుట్టి, బంగారుపూత పూసింది. చీర చిరిగినా జరీ కొనేవాడు వచ్చి, కరిగిస్తే ఎంత వెండి వస్తుందో లెక్కగట్టి డబ్బిచ్చేవాడు. కట్టుబట్టే బ్యాంకన్నమాట.

ఇంకా వెనక్కి పోతే లేపాక్షి ఉంది. విజయనగర రాజుల కాలంలో, 16వ శతాబ్దంలో, గుడి పైకప్పు మీద రాసిన బొమ్మల్లో ఆడవాళ్ళ చీరల అంచులూ, గళ్ళూ, పువ్వులూ ఎంత ముచ్చటగా ఉంటాయో! నాలుగు వందల ఏళ్ళు దాటినా అవే చీరలు. "మళ్ళీ ఇదేనా?" అని ఎవరూ అడగలేదు.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో బట్టకే కరువొచ్చింది. 1943లో ప్రభుత్వం నూలుబట్టల ధరలకు కళ్ళెం వేస్తూ ఉత్తర్వు తెచ్చింది. ఇంగ్లండులోనూ 1941 జూన్ నుంచి 1949 మార్చి దాకా బట్టలు కూపన్ల మీదే. అక్కడ మాసికేసిన కోటు తొడుక్కోవడం దేశభక్తి కిందికి వచ్చింది.

ఇక గాంధీగారు. విదేశీ బట్ట వదిలేస్తే ఆ స్థానంలో ఒంటినిండా ఖద్దరు కొనే శక్తి బీదలకు లేదని, 1921 సెప్టెంబరు 22న మదురైలో కొల్లాయి కట్టారు. పదేళ్ళ తర్వాత, 1931 నవంబరులో, లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ఇచ్చిన తేనీటి విందుకూ అదే కొల్లాయి, పైన ఒక శాలువా. కట్టిందే కట్టడంలో ఆయన్ని మించినవాళ్ళెవరు?

మరి ఈ భయం ఎప్పుడు పట్టుకుంది? నాకు తోచిందిదీ. 1980ల్లో పాలియెస్టరు చీరలు చౌకయ్యాయి. పెళ్ళిళ్ళకు వీడియో వచ్చింది. పది చీరలు కొనడం తేలికయ్యేసరికి, ఒక్కటే ఉండటం తప్పయిపోయింది. అంతకుముందు ఎవరేం కట్టారో జనం నాలుగు రోజుల్లో మరిచిపోయేవాళ్ళు. ఆల్బం మరిచిపోదు. ఇప్పుడు సెల్‌ఫోన్లు! తాళి కట్టేలోపల ఫోటో ఊరు దాటిపోతుంది.

చెల్లెలు అంతా ఓపిగ్గా విని, చేట పక్కన పెట్టింది.

"గాంధీతాత మగోడు గదన్నా!" అంది.

నాకు జవాబు తోచలేదు. ఇంటికొచ్చి పాత ఆల్బములన్నీ తిరగేశాను. ఆరు పెళ్ళిళ్ళలో నేనున్నాను. ఆరింటిలోనూ అదే తెల్లచొక్కా, అదే పంచె. ఒక్కరైనా "నీకు ఇంకోటి లేదా?" అన్న పాపాన పోలేదు.

మొన్న ఈ పెళ్ళి ఆల్బమూ వచ్చింది. నా చొక్కా ఏడోసారి దర్జాగా నిలబడి ఉంది. పెళ్ళికూతురి పక్కన మేనత్త ఉండవలసిన చోట మాత్రం ఎవరో దూరపు చుట్టం, కొత్త చీరలో.