మోయ్ నది రెండు గట్లూ

థాయ్‌లాండ్‌కూ బర్మాకూ మధ్య మోయ్ నది సరిహద్దు. రెండు గట్ల మీదా కరెన్ ఆదివాసులే. పటంలో దేశాలు రెండైనా చుట్టరికాలూ పోడూ ఒకటే, చలిజ్వరమూ ఒకటే. మన్యం జ్వరమంటే మైదానం వాళ్లు ఎంత జంకేవారో మన పెద్దలు చెప్పగా విన్నవాళ్లం కాబట్టి ఈ చరిత్ర మనకు పరాయిది కాదు.

అక్కడి అడవి దోమ పేరు అనాఫిలిస్ డైరస్. చెట్ల నీడన నిలిచిన చిన్న గుంటల్లో పుడుతుంది. ఎక్కువగా ఆరుబయటే కుడుతుంది, గోడ మీద వాలదు. అందుకే 1950లలో ఇంటి గోడలకు కొట్టిన డీడీటీ మైదానంలో చేసినంత పని అడవిలో చేయలేదు. పోడు గుడిసెలో, చెట్టు కింద పడుకునేవాడికి మందు ఏ గోడకు కొడతారు? లోపలి జిల్లాల్లో జ్వరం తగ్గింది, సరిహద్దు కొండల్లో మిగిలిపోయింది.

తరువాతి కథ మందులది. థాయ్‌లాండ్‌ను ఆనుకుని కంబోడియాలో పైలిన్ ఉంది. కెంపులు, నీలాలు తవ్వే చోటు. 1960ల మొదట్లో అక్కడ మలేరియా మందు కలిపిన ఉప్పు పంచారు. రోజూ కొద్దికొద్దిగా ఒంట్లో చేరిన మందే క్రిమికి అలవాటు నేర్పిందని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. క్లోరోక్విన్‌కు లొంగని ఫాల్సిపారం మొదట కనబడిన చోట్లలో ఈ సరిహద్దు ఒకటి. 1970ల చివరికి ఆ సంతతి ఆఫ్రికా చేరి లెక్కలేనంతమంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంది. 2008, 2009లలో ఆర్టెమిసినిన్ కూడా నెమ్మదించిందని తెలిసింది ఈ పశ్చిమ కంబోడియాలోనే.

మరి నింద ఎవరి మీద పడింది? వలస వచ్చినవాళ్లే రోగం మోసుకొస్తున్నారన్నారు. కరెన్లు ఊళ్లు వదిలింది సైన్యం తరిమితే. శరణార్థుల షోక్లో శిబిరంలో 1986లో మలేరియా పరిశోధన మొదలైంది. 1994 నుంచి ఆ శిబిరాల్లో ఆర్టెసునేట్, మెఫ్లోక్విన్ కలిపి ఇచ్చారు. ఇలా మందులు జోడించే పద్ధతే తరువాత లోకమంతా పాకింది. వేలు చాపి రక్తపు చుక్క ఇచ్చిన శిబిరం తల్లుల మాట మాత్రం మందుల చరిత్రలో అరుదుగా వస్తుంది.

2014 నుంచి బర్మా వైపు కరెన్ ఊళ్లలో వెయ్యికి పైగా మలేరియా కేంద్రాలు వెలిశాయి. కిట్టూ మాత్రలూ ఆ ఊరి మనిషి చేతిలోనే. ఫాల్సిపారం బాగా తగ్గింది. 2021 సైనిక తిరుగుబాటుతో మళ్లీ పరుగులు మొదలయ్యాయి, థాయ్ గట్టు మీది టాక్ రాష్ట్రంలో వైవాక్స్ కేసులు మళ్లీ పెరిగాయి. వైవాక్స్ కాలేయంలో దాక్కుని నెలల తరువాత తిరగబెడుతుంది. దాన్ని వదిలించడానికి మామూలుగా 14 రోజులు మాత్రలు మింగాలి. సైన్యానికి భయపడి అడవిలో చోటు మారుస్తున్న కుటుంబానికి ఆ 14 రోజులే దొరకడం లేదు.