దేహం వెలుపల కాలేయ సంరక్షణ

దాత నుంచి తీసిన కాలేయాన్ని గ్రహీతకు అమర్చే దాకా పాడవకుండా ఉంచే విధానం. 1980లలో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో రూపొందిన ద్రావణంతో కడిగి, మంచుపెట్టెలో 4 డిగ్రీల దగ్గర ఉంచడం పాత పద్ధతి. ఖర్చు తక్కువ, గడువు సుమారు 12 గంటలు. కొవ్వు పట్టిన కాలేయం అంతసేపు కూడా ఓర్చుకోదు.

కొత్త పద్ధతిలో యంత్రం ఆక్సిజన్, పోషకాలు కలిపిన రక్తాన్ని 37 డిగ్రీల వద్ద కాలేయంలో తిప్పుతుంది. పైత్యరసం ఊరుతోందా, లాక్టేట్ తగ్గుతోందా అని చూసి, అమర్చాలో వద్దో ముందే తేల్చుకోవచ్చు. నిల్వకాలం పెరగడం కన్నా ఇదే పెద్ద లాభం. ఈ పద్ధతికి దారి వేసినవి పందులు. వాటి కాలేయం పరిమాణంలో మనిషిదానికి దగ్గరగా ఉంటుంది. 2002లో బ్రిటన్ పరిశోధకులు పంది కాలేయాన్ని 72 గంటలు పనిచేయించారు. 2013లో లండన్‌లోని కింగ్స్ కాలేజ్ ఆసుపత్రిలో ఇలా కాపాడిన కాలేయాన్ని తొలిసారి మనిషికి అమర్చారు. మరో దారిలో, బోస్టన్ శాస్త్రవేత్తలు ఎలుక కాలేయాలను గడ్డకట్టనివ్వకుండా సున్నా డిగ్రీల కన్నా తక్కువ చలిలో రోజుల తరబడి నిలిపారు (2014).

తెలంగాణలో జీవన్మృతుల (బ్రెయిన్‌డెడ్ అయినవారి) అవయవాల కేటాయింపును జీవన్‌దాన్ పథకం చూస్తుంది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూ కాలేయ మార్పిడి జరిగే హైదరాబాదుకు 200 కిలోమీటర్ల లోపే కాబట్టి, ఇక్కడి దాతల విషయంలో దూరం కన్నా కాలేయాన్ని తీయడానికి ముందు గడిచే సమయమే కీలకం. చట్టం ప్రకారం జీవన్మృతి పరీక్షలు కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు జరగాలి. ఏ యంత్రమూ ఆ గంటలను తగ్గించదు.