అలలపై నిలిచిన ఆకాశనేత్రము

1942 ఏప్రిల్ 6వ తేదీన జపాను విమానవాహక నౌక ర్యూజో నుండి లేచిన విమానములు విశాఖపట్టణముపైనను కాకినాడపైనను బాంబులు కురిపించినప్పుడు, తీరాంధ్రులకు ముప్పు ఆకసమున కంటబడినంతనే నెత్తిపైకి వచ్చెను. విమానమునుండి సముద్రమును రాడారుతో గాలించు విద్య అప్పటికే పుట్టియుండెను. బ్రిటనులో శాస్త్రజ్ఞుడు బోవెన్ బృందము 1937 సెప్టెంబరులోనే ఆన్సన్ విమానముపై రాడారు నమర్చి యుద్ధనౌకలను గుర్తించియుండెను. అయితే నౌకను కనుగొనుట వేఱు, నీటినంటి దూసికొనివచ్చు లక్ష్యమును కనుగొనుట వేఱు.

భూమి గుండ్రనిది గనుక, 25 మీటర్ల స్తంభముపైనున్న నౌకా రాడారునకు 5 మీటర్ల యెత్తున వచ్చు క్షిపణి సుమారు 30 కిలోమీటర్ల దూరమునగాని కన్పట్టదు. అది సెకనుకు 300 మీటర్ల వేగమున వచ్చినచో నావికులకు మిగులునది నూఱు సెకన్లే. రాడారును 9,000 మీటర్ల యెత్తునకు చేర్చినచో క్షితిజము 390 కిలోమీటర్లకు జరుగును. అమెరికనులు 1944లో అవెంజర్ విమానపు పొట్టక్రింద రాడారు నమర్చినది ఇందులకే. ఈ పాఠమును బ్రిటను మఱచినదని నా యభిప్రాయము. 1982 మే 4వ తేదీన ఫాక్లండ్ జలములలో ఎక్సోసెట్ క్షిపణి తమ షెఫీల్డ్ నౌకను తాకిన పిమ్మటగాని సీకింగ్ హెలికాప్టరునకు సర్చ్‌వాటర్ రాడారును తగిలింపరైరి. అది సిద్ధమగుసరికి యుద్ధమే ముగిసెను.

ఎత్తు చేకూరినంత మాత్రమున కార్యము తీరలేదు. పైనుండి చూచినప్పుడు ప్రతి కెరటమును ప్రతిధ్వని పంపును. జాతర కోలాహలములో ఒక్క పసివాని కేకను పోల్చుకొనుటవంటిది ఈ పని. కదలిక గల వస్తువుయొక్క ప్రతిధ్వనిలో పౌనఃపున్యము మాఱునను డాప్లర్ సూత్రమే దీనికి మూలౌషధము. కాని విమానము తానే కదలుచుండుటచే సముద్రమంతయు కదలినట్లు తోచును, గాలికి అలలు నిజముగనే కదలును. ఆ రెంటిని గణించి తీసివేసిన పిదప మిగులునదే లక్ష్యము. కనుక ఈ శాస్త్రపు చరిత్రలో దీర్ఘశ్రమ యంతయు ఎత్తున కాక గణనమున జరిగినదని చెప్పవలెను.

మన దేశమున ఈ యత్నము రక్తసిక్తము. ఆవ్రో విమానముపై రాడారు గోపురము నమర్చి చేసిన ప్రయోగములో, 1999 జనవరి 11వ తేదీన ఆ విమానము అరక్కోణము వద్ద కూలి ఎనమండ్రు మరణించిరి. నౌకాదళము 2003లో రష్యా కామోవ్-31 రాడారు హెలికాప్టర్లను చేర్చుకొనెను. స్వదేశీయమైన రాడారు విమానము నేత్ర 2017 ఫిబ్రవరి 14న వాయుసేన చేతికి వచ్చెను. ఇందులో బ్రెజిలు దేశపు ఎంబ్రాయర్ విమానపు వీపున తిరుగని ఏంటెనా నిలిచియుండగా, చిన్నచిన్న ప్రసార-గ్రాహక మాడ్యూళ్లు తరంగములను ఒకదానికొకటి కాలభేదముతో వదలి కిరణమునే త్రిప్పును.

హైదరాబాదునకు ఇందు పాలు కలదు. చాంద్రాయణగుట్టలోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనాలయము (డి.ఎల్.ఆర్.ఎల్.) నేత్రకు శత్రు రాడారుల సంకేతములను ఆలకించు పరికరములను సమకూర్చెను. తాను తరంగములు వెదజల్లకయే ఎదుటివాని తరంగములను పట్టుకొను చెవి యది. హైటెక్ సిటీకి చెంతనే కొత్తగూడలో కార్యాలయము గల 1991 నాటి ఆస్ట్రా మైక్రోవేవ్ సంస్థ రాడారుల మాడ్యూళ్లను చేయుచున్నది. గాజుభవనముల నడుమ ఇట్టి సంస్థ యున్నదని దారిన పోవువారిలో ఎందఱెఱుగుదురో! సైబర్ టవర్స్ తెఱచిన 1998ని గుర్తుంచుకొను మన విద్యార్థులు, డి.ఎల్.ఆర్.ఎల్. వెలసిన 1961ని గూడ గుర్తుంచుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.