టేపుగుణము – థింసా వాద్యధ్వని

ధ్వనిముద్రణ చరిత్రలో విచిత్రమైన మలుపొకటి కలదు. ఏ దోషములను తొలగించుటకు యంత్రనిర్మాతలు దశాబ్దముల తరబడి శ్రమించిరో, ఆ దోషములనే నేటి సంగీతకారులు కంప్యూటరులో కోరి కల్పించుకొనుచున్నారు. అయస్కాంతపు టేపు స్వభావమును అనుకరించు ప్లగిన్లు ఇందులకే పుట్టినవి. జానపద వాఙ్మయ పరిశోధకునకు వీనితో పని యేమని కొందరు ప్రశ్నింపవచ్చును. అరకులోయ థింసా వాద్యముల ముద్రణను దృష్టిలో నుంచుకొన్నచో ఆ పని తేటపడును.

1928లో ఫ్రిట్జ్ ఫ్లోయిమర్ అను ఇంజనీరు కాగితపు పట్టీపై ఇనుపపొడి నంటించి ధ్వనిని నిలుపు మార్గమును జర్మనీలో కనుగొనెను. 1935లో మాగ్నెటోఫోను అను యంత్రము బెర్లిను ప్రదర్శనకు వచ్చినది. 1940లో ఆ దేశపు రేడియో సంస్థ ఇంజనీర్లు చెవికి వినరాని అధికకంపన విద్యుత్తును ధ్వనితో కలిపి టేపుపై నెక్కించిరి. బయాస్ అనబడు ఈ యుక్తి వలననే టేపు శ్రావ్యమయ్యెను. 1951లో కుడెల్‌స్కీ నాగ్రా యను చిన్న యంత్రమును నిర్మించిన పిమ్మట ముద్రణ కొండదారులు పట్టుటకు వీలు కలిగినది. విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము 1963లో వెలసినది. నాటి రేడియోకు టేపే ఆధారము.

థింసాలో స్త్రీలు ఒకరి వీపు వెనుక నొకరు చేతులు పెనవైచి వలయముగా నాడుదురు. తుడుము, డప్పు, కిరిడి, మోరి, జోడుకొమ్ములు వారికి తోడు. ఈ మేళము టేపునకు కఠినపరీక్ష. ధ్వని మోతాదు మించినచో టేపుపై నున్న కణములు అంతకుమించి గ్రహింపజాలవు. కెరటపు శిఖరము తెగిపోక మెత్తగా వంగును. తుడుముపై బడిన తొలిదెబ్బ మొన మొద్దువారి, వెనుకటి గుమ్మనుమ్రోత నిండుగా వినవచ్చును. టేపు సెకనుకు 38 సెంటీమీటర్లకు బదులు 19 సెంటీమీటర్లే నడచినచో అందెల సన్నని గలగల మొదట మరుగుపడును. యంత్రపు నడక తడబడిన, మోరి స్వరము వణకును. చెవికి ఇంపుగానున్నను ఇందులో వాదకుని పాలెంతయో యంత్రపు పాలెంతయో విడదీయుట తేలిక కాదు.

టేపు నడకనే కళగా మార్చినవారును కలరు. 1966లో లండనులోని ఆబీ రోడ్ స్టూడియోలో కెన్ టౌన్‌సెండ్ రెండు టేపుయంత్రముల నడకలో స్వల్పభేదము కల్పించి ఒక్క గొంతును రెండుగా వినిపించెను. అక్కడి స్టూడర్ జె37 యంత్రమునే 2013లో వేవ్స్ సంస్థ ప్లగిన్‌గా వెలువరించినది. థింసాపై కొత్త కూర్పు చేయదలచినవారు ఇట్టి సాధనమును తుడుము, డప్పుల కెక్కించి మోరిని విడిచిపెట్టుట మేలని నా యభిప్రాయము. మోరి స్వరస్థానములు హార్మోనియము మెట్లకు లోబడునవి కావు. వానిపై కృత్రిమమైన వణకును చేర్చినచో, రేపు వానిని కొలిచెడి విద్యార్థి దానినే గిరిజనుల శ్రుతిభేదమని వ్రాసికొనును. పాఠపరిష్కర్త తాళపత్రములో తన పద్యమును ఇరికించిన దానికిని దీనికిని భేదమేమి?

ప్లగిన్ చేర్చిన రొద విని ముద్రణ పాతదని నమ్ముట మరియొక ప్రమాదము. నిజమైన టేపులో దోషము సైతము సాక్ష్యమే. కొన్ని టేపులలో నాటి బయాస్ జాడ నేటికిని మిగిలియుండును. దానిని పట్టుకొని యంత్రపు తడబాటును కొలిచి సవరింపవచ్చును. అనుకరణపు వణకున కట్టి జాడ సాధారణముగా నుండదు.

విభాగములు భద్రపరచు ప్రతి సెకనుకు 96,000 నమూనాలతో, 24 బిట్లతో, ఏ ప్లగిన్ స్పర్శయు లేక యుండవలెను. ఊరు, తేదీ, యంత్రము పేరు, టేపు వేగము, మేళము గదబలదో పోరజలదో కొండదొరలదో దానితోడనే వ్రాసి యుంచవలెను. కూర్పు చేసిన ప్రతికి వేరొక సంఖ్య నిచ్చి, ఏ వాద్యముపై ఏ ప్లగిన్ ఎంత మోతాదున వాడిరో ఆ వివరమును జతపరుప వలెను. ఈ రెండవ చీటి మన గ్రంథాలయములలో ఇంకను అలవాటు కావలసియున్నది.