విసుర్రాయి నుంచి పొట్టు మిషను దాకా

ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, వసూళ్ల లెక్కలు అన్నీ ఉన్నాయి. మా సంఘాన్ని మాత్రం మిషను సంగతి రాయమని సమాఖ్య మీటింగులో అడిగినారు. మేము ఒక మిషను తప్పుగా కొన్నాము, తర్వాత ఇంకొకటి సరిగ్గా కొన్నాము. ఎందుకు తప్పినాము అని వెనక్కి చూసుకుంటే, అది మా అవ్వల కాలం దాకా పోయింది. అందుకే ముందు ఆ పాత సంగతులు చెప్పి, తర్వాత మా సంగతికి వస్తాము.

మన సీమలో గింజ దంచడం నిన్న మొన్నటి పని కాదు. కడప జిల్లా పెద్దముడియం వంటి చోట్ల తవ్వకాలు జరిపినవాళ్లకు వేల ఏళ్ల కిందటి మట్టిలో అండుకొర్రలు, ఉలవలు, పెసలు బొగ్గయిపోయిన గింజలుగా దొరికినాయి. అంటే ఈ ఎర్రనేలల్లో, నల్లరేగడిలో వరి రాకముందే చిరుధాన్యం ఉంది. గింజ ఉందంటే దాన్ని దంచిన చేతులు కూడా ఉన్నట్టే కదా. అవి ఎక్కువగా ఆడవాళ్ల చేతులే అయి ఉంటాయని మేము అనుకుంటాము.

మా అవ్వల కాలంలో ప్రతి ఇంట్లో రోలు, రోకలి, విసుర్రాయి, చేట, జల్లెడ ఉండేవి. తెల్లవారుజామున కోడి కూయకముందే విసరడం మొదలు. పాట పాడుకుంటూ విసిరితే చేతి నొప్పి తెలియదనేవాళ్లు. రాయి నున్నబడితే ఊరికి వచ్చే వడ్డెరవాళ్లతో గాట్లు కొట్టించుకునేవాళ్లు. రాగులు, జొన్నలు, సజ్జలు నేరుగా విసరొచ్చు, వాటికి పైన గట్టి పొట్టు ఉండదు. కొర్రలు, సామలు, ఊదలు, ఆరికలు, అండుకొర్రలు అట్ల కాదు. వాటిని ముందు ఎండబెట్టాలి, రోట్లో దంచాలి, చేటలో చెరగాలి, పొట్టు పోని గింజను మళ్లీ దంచాలి. ఆరికలయితే మరీ మొండి, పొర మీద పొర ఉంటుంది. ఇంతా చేస్తే పూటకు సరిపడా బియ్యం వచ్చేది.

ఆ పొట్టే కరువు కాలంలో కాపాడింది కూడా. పొట్టుతో ఉన్న కొర్రలు ఏళ్ల తరబడి పురుగు పట్టకుండా నిలుస్తాయి. అందుకే పాతర్లలో దాచుకునేవాళ్లు. 1876–78 ధాత కరువులో కర్నూలు, కడప, బళ్లారి జిల్లాలు ఎంత అల్లాడినాయో పెద్దవాళ్ల నోట తరతరాలుగా వచ్చింది. గింజ దాచుకున్న ఇల్లు కొన్నాళ్లు నిలబడింది, దాచుకోలేనివాళ్లు గంజి కోసం నడిచిపోయినారు. ఒక్కసారి పొట్టు తీసినామంటే ఆ నిల్వ గుణం పోతుంది. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మిషను దగ్గర మళ్లీ పనికొస్తుంది.

తర్వాత నీళ్లు వచ్చినాయి. కర్నూలు–కడప కాలువను ఒక ఇంగ్లీషు కంపెనీ 1860లలో తవ్వించింది. కంపెనీ నడుపుకోలేకపోతే 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. కాలువ కింద వరి పెరిగింది. రైసుమిల్లులు వచ్చినాయి. నంద్యాల, ప్రొద్దుటూరు దిక్కు బియ్యం సంచులు కదిలినాయి. 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చేసరికి మెట్ట ఊర్లలో కూడా తెల్లన్నం రోజూ తిండి అయింది. బియ్యం మిల్లు నుంచి తయారుగా వచ్చేది, కొర్ర మాత్రం ఇంకా రోట్లోనే ఉండిపోయింది. మా అమ్మలు కూలికి పోయి వచ్చి, మళ్లీ రెండు గంటలు రోకలి ఎత్తే ఓపిక యాడ ఉంటుంది? వాళ్లు కొర్ర వదిలేసింది రుచి లేక కాదు, మంచిది కాక కాదు. దాని పొట్టు తీసే మిషను ఊర్లో లేక. కొర్ర ఎందుకు పోయిందని మీటింగుల్లో అడిగేవాళ్లు ఈ మాట చెప్పరు. అందుకే మేము చెప్తున్నాము.

పిండి మిషను మాత్రం ఊరికి ముందే వచ్చింది. మొదట ఆయిల్ ఇంజనుతో, తర్వాత కరెంటుతో. జొన్నలు, రాగులు, గోధుమలు పట్టేవాళ్లు. దాంతో విసుర్రాయి గోడమూలకు పోయింది. మిషను యజమాని ఎప్పుడూ మగమనిషే. మనం డబ్బా నెత్తిన పెట్టుకుని వరసలో నిలబడేవాళ్లం.

వరసలో నిలబడేవాళ్లే మిషను కొనేవాళ్లు కావడానికి ఇంకా కాలం పట్టింది. 1982లో డ్వాక్రా వచ్చింది. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలిపే పని మొదలుపెట్టింది. అదే కాలంలో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడినారు, ఆ ఊపులో పొదుపు సంఘాలు లేచినాయి. 1990లలోనే మన కర్నూలు జిల్లా ఓర్వకల్లులో ఐక్యరాజ్యసమితి సాయంతో సంఘాలు కట్టి, మండల సమాఖ్య దాకా తెచ్చినారు. రోజుకు రూపాయి పొదుపు చేసిన ఆడవాళ్లు బ్యాంకు మేనేజరు ముందు కుర్చీలో కూర్చున్నారు. ఆ దారిలో నడిచే మేము కూడా ఇంత దూరం వచ్చినాము.

ఇక మా తప్పు. సభ్యులలో సగం మందికి మెట్ట చేన్లలో కొర్ర ఉంది. దళారి చెప్పిన ధరకు అమ్మేకంటే, కొర్రబియ్యం చేసి అమ్మితే ఎక్కువ వస్తుందని బ్యాంకు లింకేజీ అప్పు తీసుకున్నాము. పట్నంలో ఒక దుకాణంలో మిషను చూసినాము. "ఇది అన్ని గింజలూ పడుతుంది" అన్నారు. చూపించింది గోధుమలతో. మేము సంతకం పెట్టి వచ్చినాము. అది సుత్తెలతో కొట్టి పిండి చేసే పల్వరైజరు. దాంట్లో కొర్రలు పోస్తే పొట్టు, గింజ కలిసి పిండి అయినాయి. ఆ పిండితో సంగటి చేస్తే పళ్లకింద ఇసక మాదిరి తగిలింది. పిల్లలు తినలేదు, కొనేవాళ్లు రాలేదు. కంతు మాత్రం నెలనెలా కట్టాల్సిందే. పొదుపు డబ్బులో నుంచి కట్టినాము. ఇద్దరు సభ్యులు మీటింగుకు రావడం మానేసినారు. తప్పు మీది అంటే మీది అని అరుచుకున్నాము.

ఆ రోజుల్లో ఒక సభ్యురాలి అవ్వ మిషను చూడడానికి వచ్చింది. పిండి చేతిలోకి తీసుకుని చూసి, "మేం దంచినాక చెరిగి, చెరిగినాక విసిరేవాళ్లం. మూడు పనులు ఇది ఒక్కసారే చేస్తుందంటే ఎట్ల నమ్మితిరి?" అనింది. మేము పదో తరగతి దాకా చదివినాము, మీటింగులు తిరిగినాము. ఆ ప్రశ్న మాత్రం దుకాణంలో మాకు ఎవ్వరికీ తట్టలేదు.

అప్పటి నుంచి అవ్వ చెప్పిన వరసనే మిషన్లకు పెట్టి చూసినాము. చేట పని చేసేది ముందు రాళ్లు, మట్టి ఏరే మిషను. రోలు పని చేసేది పొట్టు తీసే మిషను. చెరిగే పని చేసేది పొట్టును గాలితో ఊది వేరు చేసే ఫ్యాను. విసుర్రాయి పని చేసేది పిండి మిషను. ఇందులో ఏది మనకు లేదో అదే కొనాలి. మా దగ్గర పిండి మిషను ఉంది, పొట్టు మిషను లేదు. రైసుమిల్లులో ఉండే రబ్బరు రోలర్లు వడ్లకు చేసినవి, సన్న గింజకు సరిగ్గా పట్టవు. గింజను వేగంగా తిప్పి గోడకు విసిరి పొట్టు వదిలించే చిన్న మిషను చిరుధాన్యాలకు నయం.

ఈసారి కొనకముందు మా చేలో పండిన కొర్రలే 10 కిలోలు సంచిలో తీసుకుపోయినాము. మా కళ్ల ముందు ఆడించమన్నాము. వచ్చిన బియ్యం, నూకలు, పొట్టు వేరువేరుగా తూకం వేసినాము. క్వింటా కొర్రలకు సుమారు 60–70 కిలోల బియ్యం రావాలి. నూక ఎక్కువైతే లాభం పోతుంది. గింజ పచ్చిగా ఉంటే పొట్టు వదలదు, మరీ ఎండితే విరుగుతుంది, ఇదీ అక్కడే తెలిసింది. మోటారు 3 హెచ్‌పీ దాటితే చాలాచోట్ల త్రీ ఫేజ్ కావాలి. మా గదికి సింగిల్ ఫేజే ఉంది కాబట్టి చిన్నదే తీసుకున్నాము. జల్లెడలు, బెల్టులు దగ్గర్లో దొరుకుతాయా, రిపేరుకు ఎవరు వస్తారు అని కాగితం మీద రాయించుకున్నాము. బెల్టుకు మూత లేని మిషను వద్దన్నాము. పైట కొంగు, జడ చుట్టుకుంటే ప్రాణం పోతుంది.

పాత పల్వరైజరును పారేయలేదు. రాగులకు, జొన్నలకు అది బాగానే ఉంది. దాంట్లో మిరపకాయలు మాత్రం పట్టము, ఘాటు పిండికి అంటుకుంటుంది. కొర్రలు పొట్టుతోనే నిల్వ పెట్టుకుని, అమ్మకానికి కావలసినంత మాత్రమే ఆడిస్తున్నాము. పాతర మాట గుర్తుంది కదా, అదే.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరం అనింది. మన నంద్యాల పరిశోధనా కేంద్రం సూర్యనంది వంటి కొర్ర రకాలు ఇచ్చింది. 2020లో మొదలైన చిన్న ఆహార పరిశ్రమల కేంద్ర పథకంలో మిషన్లకు 35 శాతం సబ్సిడీ, సంఘ సభ్యురాలికి 40 వేల దాకా మూలధనం పెట్టినారు. ఇవన్నీ మంచివే. కానీ సబ్సిడీ ఉందని మిషను కొనొద్దు. సబ్సిడీ పోయినాక మిగతా కంతు మనదే.

మానేసిన ఇద్దరు సభ్యులూ తిరిగి వచ్చినారు. ఒకరు ఇప్పుడు పొట్టు మిషను నడుపుతున్నారు, ఇంకొకరు లెక్క రాస్తున్నారు. మొదటి అప్పు ఇంకా పూర్తిగా తీరలేదు, తీరుస్తున్నాము. మిషను కొనాలనుకునే సంఘాలు ఏవైనా ఉంటే మీ గింజ సంచిలో పోసుకుని మా ఊరికి రండి. ఆడించి చూసుకోండి. దుకాణానికి పోయేముందు మీ ఇంట్లో ఉన్న అవ్వను ఒక్కమాట అడిగి పొండి.