కావలి పెళ్లికి చేరని అతిథి

2018 ఆగస్టు 29, బుధవారం. మన నెల్లూరు జిల్లా కావలిలో ఒక అభిమాని ఇంట పెళ్లి. ఆ పెళ్లికి వస్తానని మాటిచ్చింది నటుడు నందమూరి హరికృష్ణ. అభిమానుల నోట ఆయన పేరు ఎప్పుడూ 'సీతయ్య'.

తెల్లవారకముందే హైదరాబాద్‌లో ఇల్లు వదిలారు. కారులో మరో ఇద్దరున్నారు. స్టీరింగ్ మాత్రం ఆయన చేతిలోనే. 1982లో ఎన్టీఆర్ పార్టీ పెట్టి ఊరూరా తిరిగినప్పుడు చైతన్య రథం నడిపింది ఈ కొడుకే. తండ్రి పైన నిలబడి మాట్లాడుతుంటే, కింద జనాన్ని తప్పించుకుంటూ పగలూ రాత్రీ బండి నడిపిన మనిషి. 1996లో రాష్ట్రానికి రవాణా మంత్రిగానూ చేశారు. అరవై దాటినా కావలి దాకా కారు నడపడం ఆయనకు పెద్ద పనిగా తోచి ఉండదు.

నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రోడ్డు వదిలి అద్దంకి దారి పట్టారు. నల్లగొండ, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి, ఒంగోలు, ఆ తర్వాత కావలి. గూడూరు, నెల్లూరు నుంచి హైదరాబాద్‌కు కారులో వెళ్లేవాళ్లకు బాగా అలవాటైన దారే ఇది. రాత్రి భోంచేసి బయల్దేరితే తెల్లారేసరికి చేరిపోవచ్చని మనవాళ్లు ధీమాగా చెప్పుకునే దారి కూడా ఇదే.

నల్లగొండ దగ్గర అన్నేపర్తి. అప్పుడే వెలుగొస్తోంది. వేగంగా పోతున్న కారు అదుపు తప్పి డివైడరును ఢీకొట్టింది, పల్టీలు కొట్టి అవతలి వైపు పడింది. ఆయన సీటు బెల్టు పెట్టుకోలేదు. కారులోంచి బయటికి ఎగిరి పడ్డారు. నార్కట్‌పల్లి కామినేని ఆసుపత్రికి తీసుకెళ్లినా ప్రాణం నిలవలేదు. పక్కనున్న ఇద్దరూ గాయాలతో బయటపడ్డారు.

పందిరి వేసుకున్న ఆ ఇంటికి కబురు ఎలా చేరిందో ఊహించి రాయడానికి నాకు చెయ్యి రావడం లేదు. పిలిచినవాళ్ల తప్పు ఇసుమంత లేదు. అయినా జీవితాంతం ఆ పెళ్లిరోజును ఎలా తలుచుకోవాలి?

మరో నాలుగు రోజుల్లో, సెప్టెంబర్ 2న, ఆయన పుట్టినరోజు. ఫ్లెక్సీలు కట్టొద్దు, బొకేలు తేవద్దు, ఆ డబ్బు కేరళ వరద బాధితులకు పంపండి అని అభిమానులకు ముందే లేఖ రాసి పెట్టారు. జనం దాన్ని ఆయన పోయాక చదివారు.

హరికృష్ణ ఇంటికి రోడ్డు ప్రమాదాలు కొత్త కాదు. 2009 మార్చి 26 రాత్రి ఎన్నికల ప్రచారం ముగించుకుని వస్తూ చిన్న కొడుకు జూనియర్ ఎన్టీఆర్ ప్రమాదానికి గురై బతికి బయటపడ్డారు. 2014 డిసెంబర్ 6న పెద్ద కొడుకు జానకిరామ్ రోడ్డు ప్రమాదంలోనే పోయారు. తండ్రి, ఇద్దరు కొడుకులు, మూడు ప్రమాదాలు. అన్నీ ఉమ్మడి నల్లగొండ జిల్లాలోనే. ప్రతి సభ చివరా అభిమానులను జాగ్రత్తగా ఇళ్లకు చేరమని జూనియర్ బతిమాలడం వెనక ఇంత ఉంది. 2013లో తన 'బాద్‌షా' సినిమా పాటల వేడుకలో తొక్కిసలాట జరిగి ఒక అభిమాని చనిపోవడం కూడా ఆయన చూశారు.

2024 సెప్టెంబర్ 22, ఆదివారం, హైదరాబాద్ నోవాటెల్‌లో జూనియర్ సినిమా 'దేవర' వేడుకను ఆపేయడాన్ని అందుకే నేను తప్పు పట్టలేను. హాలు పట్టే జనానికి ఎన్నో రెట్లు వచ్చారు. బారికేడ్లు పడ్డాయి, అద్దాలు పగిలాయి. వేడుక రద్దు. మీకన్నా నాకే ఎక్కువ బాధగా ఉందని, నిర్మాతలనూ నిర్వాహకులనూ నిందించొద్దని ఆయన వీడియోలో చెప్పుకున్నారు. శనివారం సాయంత్రం గూడూరులో నారాయణాద్రి ఎక్కి లింగంపల్లిలో దిగిన కుర్రాడెవరైనా ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి ఉంటే, మాటలు ఇలాగే నడిచి ఉంటాయి.

"ఏంది నా, రాడంటనే?"

"రాళ్లే అబ్బయ్యా. అద్దాలు పగలగొట్టిన కాడికి ఎట్ట వస్తాడు? నువ్వు బద్రంగా రా ముందు."

ఆ అన్న మాటే నా మాట. హాలు సామర్థ్యాన్ని మించి పాసులు పంచడం, ఊళ్లన్నిటికీ పిలుపు వెళ్లాక చోటు వెతుక్కోవడం నిర్వాహకుల తప్పు, అది వాళ్లు మానాలి. కానీ జనం మీద పడుతున్నారని తెలిసిన క్షణాన ఆపేయడం తప్పు కాదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠ ద్వార దర్శనం టోకెన్ల దగ్గర తొక్కిసలాటలో ఆరుగురు చనిపోయారు. మర్నాడు అనంతపురంలో జరగాల్సిన బాలకృష్ణ 'డాకు మహారాజ్' వేడుకను నిర్మాతలు రద్దు చేశారు. మంచి పని చేశారు. దానికి కొన్ని రోజుల ముందే, జనవరి 4న, రాజమహేంద్రవరంలో 'గేమ్ ఛేంజర్' వేడుక చూసి బైకు మీద తిరిగొస్తూ ఇద్దరు కుర్రాళ్లు చనిపోయారు. సభ సజావుగానే ముగిసింది, దారే మింగేసింది.

మీ ఇంటి శుభకార్యానికి అభిమాన నటుడిని పిలుస్తుంటే, ముహూర్తానికే రావాలని పట్టుబట్టకండి. రాత్రంతా కారు నడుపుకుంటూ రావద్దని, వీలుకాకపోతే మరో రోజు వచ్చి దీవించమని పిలిచేటప్పుడే చెప్పండి. వేడుకలకు వెళ్లే తమ్ముళ్లూ, చేతిలో పాసు లేకుండా ఊరు దాటకండి. రాత్రికి అక్కడే తలదాచుకుని తెల్లారాక రైలెక్కండి. కారైతే, వెనక సీట్లో ఉన్నా సరే, బెల్టు పెట్టుకోండి.